బీచ్ వాక్ అని డబ్బు కట్టించుకుని కుక్కల్ని వ్యాన్‌లో పడేస్తున్నారు: విశాఖ వాళ్ళు జాగ్రత్త

ఇప్పుడే ఇంటికొచ్చాను. చేతులింకా వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి.

కుక్కల్ని నడకకి తీసుకెళ్ళే ఆ సంస్థ పేరు చెప్పను. చెప్పక్కర్లేదు కూడా. సాగర్ నగర్ నుంచి ఋషికొండ దాకా ఏ అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన చూసినా వాళ్ళ పాంప్లెటే కదా. "తెల్లవారుజామున సరుగుడు తోటలో నడక, ఆపైన అలల దగ్గర ఆట, లీష్ లేకుండా స్వేచ్ఛగా!" అని. ఆ వాళ్ళే.

అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది, నాది నైట్ షిఫ్టు. మా కుక్క చిట్టికి పొద్దున్నే నడక పడకపోతే ఇల్లు పీకి పందిరేస్తుంది. అందుకని మూడు నెలల ప్యాకేజీ, పద్దెనిమిది వేలు, ఒకేసారి కట్టేశాను. డిస్కౌంట్ ఇచ్చార్లెండి, మహానుభావులు.

మొదట్లో నిజంగానే తిప్పినట్టున్నారు. ఇంటికి రాగానే పొట్ట కింద బొచ్చులోంచి ఇసుక రాలేది. తోకకి సరుగుడు ఆకు చిక్కుకుని ఉండేది. ఓసారి వేళ్ళ సందున సరుగుడు కాయ ఇరుక్కుని కుంటుకుంటూ వచ్చింది కూడా. సోఫా నిండా ఇసుకేనని అమ్మ రోజూ సణిగేది. ఆ సణుగుడు ఎప్పుడు ఆగిపోయిందో నేను పట్టించుకోలేదు. ఇసుక లేదు, ఆకు లేదు, పాదాలు పొడిగా ఉంటున్నాయి. నాలుక మాత్రం బారెడు బయటేసుకుని వచ్చేది, గిన్నెడు నీళ్ళు ఒక్క ఊపున తాగేసేది. "బాగా పరిగెత్తింది మేడం" అనేవాడు వ్యాన్ కుర్రాడు. నమ్మేదాన్ని.

రోజూ ఫోటో వచ్చేది కదా మరి. అలల ముందు చిట్టి, నోరంతా తెరిచి నవ్వుతున్నట్టు. మొన్న ఒక ఫోటో చూస్తుంటే ఎక్కడో తేడా కొట్టింది. చిట్టి నీడ పొడుగ్గా సముద్రం వైపు పడి ఉంది. మన ఊళ్ళో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడండీ, కొండల వెనక్కి దిగుతాడు. పొద్దున్న నీడ ఊరి వైపు పడాలి గానీ నీళ్ళ వైపు ఎలా పడుతుంది? అది ఏదో సాయంత్రం తీసిన ఫోటో. దాన్నే "గుడ్ మార్నింగ్ ఫ్రమ్ చిట్టి" అని పంపారు.

ఇవాళ సెలవు పెట్టి, తమ్ముడి స్కూటీ తీసుకుని వాళ్ళ వ్యాన్ వెనకాలే వెళ్ళాను. మంగమారిపేట వైపు, రోడ్డు పక్క సరుగుడు తోట మొదట్లో ఆపారు. దింపుతారేమో అని కాసేపు దూరంగానే నిలబడి చూశాను. దింపలేదు. ఇద్దరు కుర్రాళ్ళూ దిగి టీ బడ్డీ దగ్గర బల్ల మీద కూర్చుని ఫోన్లు తీశారు. నేను నడుచుకుంటూ వ్యాన్ వెనక్కి వెళ్ళాను. అద్దం వేలెడంత దించి ఉంది. లోపల నాలుగు బోనులు, చిట్టి కింద వరుసలో, లేచి నిలబడే వీలు కూడా లేకుండా రొప్పుతోంది. నన్ను చూసి తోకతో బోనుని టపటపా కొట్టింది.

సరిగ్గా అప్పుడే నా చేతిలో ఫోన్ టింగుమంది. ఫోటో. కింద "చిట్టి ఈజ్ ఎంజాయింగ్ ద వేవ్స్!" అని, పక్కన రెండు పంజా గుర్తులు.

కుక్క అద్దం అవతల, ఫోటో నా చేతిలో, పంపినవాడు పది గజాల దూరంలో బన్ను టీలో ముంచుకుంటున్నాడు. "ఏటి మేడం, ఇంత పొద్దున్నే ఇటొచ్చారు?" అన్నాడు, ఏమీ జరగనట్టే!

ఓనరుకి ఫోన్ చేశాను. క్షమించండి అంటాడేమో అనుకున్న నా అమాయకత్వానికి దండ వెయ్యాలి. ఆయనన్న మాట యథాతథంగా రాస్తున్నా: "చూడండి మేడం, అదేమన్నా లాబ్రడారా? రోడ్డు మీద నుంచి తెచ్చుకున్న కుక్కే కదా. దానికి బీచ్ అయితే ఏంటి, వ్యాన్ అయితే ఏంటి?" డబ్బు వెనక్కి అడిగితే, నో రిఫండ్ అని రసీదు వెనక ఉంది, చదువుకోమన్నాడు. చదివాను. ఉంది. చీమ తలకాయంత అక్షరాల్లో.

ఎండలో ఆపిన బండి లోపల పది నిమిషాల్లోనే వేడి దాదాపు 10 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పడమే దాని ఫ్యాను. ఈ ఉక్కలో గంటసేపు! కదలలేనంత ఇరుకు బోనులో పెట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి దొరికితే జరిమానా ఎంతో తెలుసా? పది నుంచి యాభై రూపాయలు. వాడి టీ బన్ను ఖర్చు.

ఇంకో మాట. ఆ "లీష్ లేకుండా" అన్నది కూడా అబద్ధపు గొప్పే. ఋషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రంగా, సురక్షితంగా ఉండే బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది, అలాంటి చోట కుక్కల మీద గట్టి కట్టడి ఉండాలి. పైగా జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన తీరంలోనే గుడ్లు పెడతాయి, కుక్కలు వాటిని తవ్వేస్తాయి. ఎవరు తిప్పినా, ఎక్కడ తిప్పినా, లీష్ ఉండాల్సిందే.

మూడు నెలలకి ఒకేసారి కట్టకండి. ఫోటో వద్దు, వీడియో కాల్ చెయ్యమనండి. కుక్క ఇంటికి రాగానే పాదాలు, వేళ్ళ సందులు, చెవుల వెనక చూడండి. నిజంగా తోటలో తిరిగితే పిడుదులన్నా అంటుకుంటాయి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, నేను ఫిర్యాదు పెట్టేశాను.

ఆ వ్యాన్‌లో ఇంకో మూడు ఉన్నాయి: ఎర్ర కాలర్ నల్ల లాబ్రడార్, ఒక చెవి వాలిన పమేరియన్, ముసలి బీగిల్. ఇవాళ పొద్దున మీకూ అలల ఫోటో వచ్చి ఉంటే మెసేజ్ చెయ్యండి. నేను తీసిన వీడియో పంపిస్తాను, అందరం కలిసి పెడదాం ఫిర్యాదు.