కరెంటు పోతే తాళం తనే పడుతుంది: డబ్ల్యు25క్యూ64 బ్లాక్ లాక్‌తో నా అనుభవం

వింబాండ్ డబ్ల్యు25క్యూ64 ఫ్లాష్ మెమరీ చిప్ గురించి తెలియనివాళ్లకు ఈ సమీక్ష పెద్దగా పనికిరాదు కాబట్టి సైజు, వేగం, ప్యాకేజీ అన్నీ వదిలేస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది దాని మూడో స్టేటస్ రిజిస్టర్‌లో (చిప్ తన స్థితిని, సెట్టింగులను ఉంచుకునే చిన్న చోటు) ఉన్న ఒకే ఒక్క బిట్ గురించి. దాని పేరు డబ్ల్యుపీఎస్. దాన్ని 1 చేస్తే చిప్‌లో ఏ భాగాన్ని రాతలకు మూయాలో చెప్పే, అందరికీ అలవాటైన బీపీ బిట్లను చిప్ ఇక పట్టించుకోదు. వాటి స్థానంలో ఒక్కో బ్లాకుకూ (64 కిలోబైట్ల భాగానికి) విడిగా ఒక లాక్ బిట్ వస్తుంది. కొన్నేళ్లుగా కొలతలను నమోదు చేసే మా డేటా లాగర్లన్నిటిలో ఇదే వాడుతున్నాం. ఒక ఫ్లాష్ చిప్‌లో నాకు ఇంతగా నచ్చిన సదుపాయం మరొకటి లేదు.

దీనికి ముందు పడిన అవస్థ చెబితేగానీ ఆ ఇష్టం ఎందుకో అర్థం కాదు. మా మొదటి లాగర్లకు ఫర్మ్‌వేర్‌ను, అంటే వాటిని నడిపే ప్రోగ్రామును, బయటి బృందం రాసిచ్చింది. బూట్‌లోడర్ (లాగర్ లేవగానే మొదట నడిచే ప్రోగ్రాము), కాలిబ్రేషన్ విలువలు (కొలతలను సరిచేసే అంకెలు), సెట్టింగులు అన్నీ చిప్ మొదట్లో ఉండే 128 కిలోబైట్లలో పెట్టి, ఆ భాగాన్ని బీపీ బిట్లతో మూసేవారు. సెట్టింగు మార్చాల్సి వస్తే ఫర్మ్‌వేర్ ముందు ఆ బిట్లను సున్నా చేసేది, సెట్టింగు రాసేది, తర్వాత బిట్లను మళ్లీ పెట్టేది. చదివితే సబబుగానే ఉంటుంది. కానీ అక్కడక్కడా లాగర్లు చచ్చిపోయి తిరిగి వచ్చేవి. ప్రోగ్రామర్‌కు తగిలించి చదివితే మొదటి సెక్టార్ మొత్తం చెరిగిపోయి ఉండేది, 4 కిలోబైట్లూ ఒక్క బిట్ సున్నా లేకుండా అన్నీ ఒకట్లే. అన్నిటికంటే కలవరపెట్టింది స్టేటస్ రిజిస్టర్. అందులో బీపీ బిట్లు సున్నా. ఫ్యాక్టరీలో మూసి పంపిన చిప్ తెరుచుకుని ఉంది.

కారణం తేలడానికి చాలాకాలం పట్టింది. బీపీ బిట్లను మామూలు పద్ధతిలో రాస్తే అవి కరెంటు పోయినా నిలిచి ఉంటాయి. రాసిన ప్రతిసారీ చిప్ సుమారు 10 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. తెరిచాక, మూసేలోపు కరెంటు పోతే ఇంకేముంది, చిప్ తెరిచిన స్థితినే భద్రంగా గుర్తుపెట్టుకుంటుంది! మర్నాడు లేచినా తెరిచే ఉంటుంది, నెల తర్వాతా అంతే. ఆ స్థితిలో ఉన్న లాగర్‌కు ఎప్పుడో ఒకసారి వోల్టేజీ మెల్లగా పడిపోతుంది. ఈ చిప్ 2.7 వోల్టుల పైన పనిచేయాలని డేటాషీట్ అంటుంది. రాతలను చిప్ తనంతట తాను ఆపేసే వోల్టేజీ మాత్రం 1 నుంచి 2 వోల్టుల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఆ రెండింటి నడుమ మైక్రోకంట్రోలర్ మతి తప్పి లాగ్ చెరిపే ఫంక్షన్‌లోకి దూకిందంటే, రాతకు అనుమతినిచ్చే రైట్ ఎనేబుల్ కమాండ్ కూడా అందులోనే ఉంటుంది కాబట్టి, చేతికందిన చిరునామాలోని సెక్టార్ చెరిగిపోతుంది. మా విషయంలో ఆ చిరునామా సున్నా.

డబ్ల్యుపీఎస్ పద్ధతిలో లాక్ బిట్లు కరెంటు పోతే నిలవవు. మొదటిసారి డేటాషీట్‌లో చదివినప్పుడు అది లోపంలా అనిపించింది. నిజానికి గొప్పతనమంతా అక్కడే ఉంది. కరెంటు వచ్చిన ప్రతిసారీ అన్ని లాకులూ పడే ఉంటాయి. ఏ క్షణంలో కరెంటు పోయినా, సగం రాతలో పోయినా, తిరిగి లేచేసరికి చిప్ మొత్తం మూసే ఉంటుంది. తెరవాలంటే ఆ బ్లాకు చిరునామాతో హెక్స్ 39 కమాండ్, మూయాలంటే 36 (ఇక్కడి కమాండ్ అంకెలన్నీ హెక్స్‌లోనే). రెండింటికీ ముందు రైట్ ఎనేబుల్ ఇవ్వాలి. రిజిస్టర్ రాత కోసం ఎదురుచూడటం లేదు, దాని అరుగుదల లేదు. ఇది వింబాండ్ సొంత ఆలోచనేమీ కాదు. అట్మెల్ ఏటీ25డీఎఫ్ చిప్‌లు అంతకుముందే ఇలా మూసుకుని లేచేవి, కమాండ్లు కూడా ఇవే. ఈ పద్ధతికి మారాక బూట్ సెక్టార్ చెరిగిన లాగర్ ఒక్కటి కూడా నా బల్ల మీదికి రాలేదు.

ఇంత పొగిడాక కొన్ని సంగతులు చెప్పకపోతే అన్యాయం. "కరెంటు వచ్చిన ప్రతిసారీ" అన్నాను కదా, వాచ్‌డాగ్ (ప్రోగ్రాము ఇరుక్కుపోతే రీసెట్ చేసే టైమర్) మైక్రోకంట్రోలర్‌ను మాత్రమే రీసెట్ చేస్తే చిప్‌కు కరెంటు పోనే పోదు. అప్పుడు తెరిచిన బ్లాకు తెరిచే ఉండిపోతుంది. అందుకే మా బూట్‌లోడర్ మొదటి పని చిప్‌కు 66, 99 పంపి రీసెట్ చేయడం. దాంతో లాకులన్నీ మళ్లీ పడతాయి. ఇక డబ్ల్యుపీఎస్ బిట్ కూడా స్టేటస్ రిజిస్టర్‌లోదే. దాన్ని ఎవరైనా సున్నా చేస్తే కథ మళ్లీ బీపీ బిట్ల దగ్గరికే వస్తుంది. కాబట్టి రిజిస్టర్లకు కూడా రక్షణ పెట్టుకోవాలి. నాలుగు లైన్ల మీద డేటా పంపే క్వాడ్ మోడ్ వాడేవాళ్లు, రిజిస్టర్ రాతలను ఆపే డబ్ల్యుపీ పిన్నును నమ్ముకోలేరు, అది డేటా లైనుగా మారిపోతుంది.

మూసిన బ్లాకులో రాయబోతే చిప్ ఏమీ అనదు. రాయదు, తప్పు జరిగిందని చెప్పే బిట్ కూడా లేదు. రాసినదాన్ని వెనక్కి చదివి పోల్చడం తప్పనిసరి. ఒక్క బ్లాకు మూసి ఉన్నా చిప్ మొత్తాన్ని చెరిపే కమాండ్ కూడా ఇలాగే మౌనంగా వెనక్కి పోతుంది. అలాగే 4 కిలోబైట్ల లాకులు మొదటి, చివరి బ్లాకుల్లోనే ఉన్నాయి. మధ్యనున్న 126 బ్లాకులకు 64 కిలోబైట్లకు ఒక్కటే లాకు. అందుకే మేం కాలిబ్రేషన్‌ను, సెట్టింగులను చివరి బ్లాకులోకి మార్చి, లాగ్‌ను మధ్యలో తిప్పుతున్నాం. తెరిచే ఫంక్షన్ బూట్ బ్లాకు చిరునామాను అసలు ఒప్పుకోదు. అది లేకపోతే పై పొగడ్తలో సగం తగ్గించుకోవాల్సిందే.

దొంగచేతుల నుంచి ఇది కాపాడదు. 98 అనే ఒక్క కమాండ్ అన్ని లాకులనూ తెరిచేస్తుంది. ఇది పొరపాట్ల నుంచి రక్షణ, అంతే.

మా లాగర్లకు కరెంటు తరచుగా, మెల్లగా పోతుంది, సెట్టింగులు రోజూ మారతాయి. నా ఇష్టానికి కారణం అదే. ఒకసారి రాసి మళ్లీ ముట్టుకోని ఫర్మ్‌వేర్ అయితే బీపీ బిట్లే చాలు, మార్చే పని లేదు కాబట్టి. ఎప్పుడో ఒకసారి మార్చేవాళ్లు కూడా 50 కమాండ్‌తో బీపీ బిట్లను తాత్కాలికంగా తెరవొచ్చు, కరెంటు పోతే పాత విలువలే తిరిగొస్తాయి. కాకపోతే అప్పుడు సెట్టింగుతో పాటు బూట్‌లోడర్ కూడా తెరుచుకుంటుంది. నాకు అది చాలదు, మీకు చాలొచ్చు.