స్వయంకృషా, స్వాతి కిరణమా?

"అన్నా, పిల్లగాడు మా ఇంట్లనే ఉండి చదువుకుంటుండు. ఈ రెండిట్ల ఏది చూడాలె?" ఈ ఏడాదిలో హన్మకొండలో నలుగురైదుగురు నన్నిట్లా అడిగారు. అందరూ పరకాల నుంచో ములుగు నుంచో అక్క కొడుకునో, తమ్ముడి బిడ్డనో తెచ్చుకొని చదివిస్తున్నవాళ్లే. మా ఇంట్లోనూ మేనల్లుడు ఉన్నాడు.

రెండూ కె. విశ్వనాథ్ తీసిన సినిమాలే. 'స్వయంకృషి' (1987)లో చెప్పులు కుట్టే సాంబయ్య తోబుట్టువు కొడుకును పెంచుతాడు. డబ్బొచ్చాక పిల్లాడు దారి తప్పుతాడు. సాంబయ్య మళ్లీ చెప్పులు కుట్టడానికి కూర్చుంటాడు. చిరంజీవి ఆ పాత్రలో ఒదిగిపోయాడు, పిల్లలూ ఇష్టంగా చూస్తారు. కానీ అందులో తప్పు పిల్లాడిది, పెంచినవాడు మంచోడే. అది చూసి లేచిన పెద్దమనిషికి తన గురించి ఆలోచించాల్సిన పని పడదు.

'స్వాతి కిరణం' (1992)లో తప్పు పెద్దాయనదే. పేరున్న సంగీత విద్వాంసుడు అనంతరామ శర్మ, బాగా పాడే పిల్లాడు గంగాధరాన్ని ఇంట్లో పెట్టుకుంటాడు, వాడి పాట చూసి లోపల కుళ్లుకుంటాడు. శర్మ భార్య ఆ పిల్లాణ్ని కన్నకొడుకులా చూసుకుంటుంది. ఒకే ఇంట్లో ఒక చెయ్యి అన్నం పెడుతుంటే, ఇంకొకటి గొంతు నొక్కుతుంటుంది. పిల్లాడి పాటలకు వాణీ జయరాం గొంతు. 'ఆనతినీయరా' వింటుంటే, ఆ గొంతును ఓర్వలేని మనిషి, శర్మగా వేసిన మమ్ముట్టి ముఖంలో కనబడతాడు.

నాకు ఆ ముఖం తెలుసు. ఓ రాత్రి మావాడికి లెక్క చెప్తున్నా. పేజీ నిండా చేశాను. "మామా, ఇట్ల చేస్తే రెండు లైన్లల్ల అయిపోతది" అన్నాడు. చూస్తే కరెక్టే. "గట్ల చేస్తే మార్కులు పడయి" అని పుస్తకం మూసేశాను. వాడు పెన్ను క్యాప్ పెట్టుకొని లేచి పోయాడు, మళ్లీ అడగలేదు.

'శంకరాభరణం' సంగతీ అడుగుతారు. అందులోనూ సంగీతం నేర్పే శాస్త్రి గారి దగ్గర తులసి అనే ఆమె కొడుకు ఉన్నాడు గానీ, వాళ్ల మధ్య పేచీ లేదు.

పిల్లలతో అయితే 'స్వయంకృషి' పెట్టండి. 'స్వాతి కిరణం'లో ఆ పిల్లాడు తన ప్రాణం తానే తీసుకుంటాడు, చిన్నవాళ్లకు అది బరువు. కానీ వేరేవాళ్ల బిడ్డను ఇంట్లో పెట్టుకున్న పెద్దలు మాత్రం, పిల్లలు పడుకున్నాక, ముందు చూడాల్సింది అదే.

నేను చూసిన తెల్లారి మావాడి నోట్‌బుక్ అడిగి తీసుకున్నా. ఆ రెండు లైన్ల లెక్క మళ్లీ చెప్పించుకున్నా.