ఇంటి బీరు నిల్వకు ఇంక్‌బర్డ్ ఐటీసీ-308 కంట్రోలర్: ఏ బీరుకు ఎన్ని డిగ్రీలు, ఏ సెట్టింగు

ఇంట్లో చేసిన బీరుకు మామూలు ఫ్రిజ్ చాలదా అంటే, కొన్నిటికి చాలు. హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) వాసనే ప్రాణమైన ఐపీఏ రకం బీర్లు 2–4 డిగ్రీల సెల్సియస్‌లో ఉండాలి, లాగర్ రకం బీర్లు 0–4లో మాగాలి. ఆ పని ఫ్రిజ్ చేసేస్తుంది. చిక్కల్లా 10–13 డిగ్రీల్లో నెలల తరబడి మాగాల్సిన, ఆల్కహాల్ ఎక్కువుండే స్ట్రాంగ్ ఏల్స్ రకం బీర్లతోనే. మూత బిగించిన కొత్త సీసాలు గ్యాస్ పట్టడానికి 20–22 డిగ్రీలు కావాలి. ఇంటి ఫ్రిజ్ నాబ్ ఎంత తిప్పినా అంత పైకి రాదు. సెన్సర్‌తో ఉష్ణోగ్రత చూస్తూ ఫ్రిజ్‌కి కరెంటు ఇస్తూ ఆపుతూ ఉండే ఈ కంట్రోలర్ అక్కడే అక్కరకొస్తుంది.

బిగించడం తేలిక. దీని ప్లగ్ గోడకి, ఫ్రిజ్ ప్లగ్ దీని కూలింగ్ సాకెట్‌కి. ఫ్రిజ్ సొంత నాబ్‌ను అత్యంత చల్లదనం మీద వదిలేయాలి. లేకపోతే ఫ్రిజ్ లోపలి థర్మోస్టాట్ ముందే ఆగిపోయి, మీరు పెట్టిన అంకె ఎప్పటికీ రాదు.

అసలు కిటుకు సెన్సర్ ఎక్కడ పెట్టామన్నదే. గాల్లో వేలాడదీస్తే తలుపు తీసిన ప్రతిసారీ రీడింగు ఎగిరి కంప్రెసర్ అనవసరంగా తిరుగుతుంది. మధ్య వరుసలోని సీసాకి టేపుతో అంటించి, పైన థర్మాకోల్ ముక్క కప్పాలి. అప్పుడు కొలిచేది గాలిని కాదు, బీరుని.

సెట్టింగుల్లో టీఎస్ అంటే కావలసిన ఉష్ణోగ్రత, సీడీ అంటే ఎంత పైకి పోతే చల్లబరచడం మొదలుపెట్టాలో. టీఎస్ 12, సీడీ 1 పెడితే 13 దగ్గర ఫ్రిజ్ ఆన్ అయి 12 దగ్గర ఆగుతుంది. ఆగిన తర్వాత కూడా ఉష్ణోగ్రత కాస్త దిగుతూనే ఉంటుంది. అందుకే హీటింగ్ సాకెట్‌కి హీట్ బెల్టు తగిలించినవాళ్లు హెచ్‌డీని (ఎంత కిందికి పోతే వేడి చేయడం మొదలుపెట్టాలో చెప్పే సెట్టింగు) కనీసం 2 పెట్టాలి, లేదంటే ఒకటి చల్లబరుస్తుంటే రెండోది వేడి చేస్తూ కొట్టుకుంటాయి. చల్లటి నిల్వ ఒక్కటే కావాలంటే హీటింగ్ సాకెట్ ఖాళీగా వదిలేయండి. పీటీ అంటే కంప్రెసర్ ఆగాక మళ్లీ మొదలయ్యేలోపు ఇచ్చే విరామం. ఫ్యాక్టరీ నుంచి 3 నిమిషాలతో వస్తుంది, పాత ఫ్రిజ్‌కి 5 మంచిది. గ్యాస్ ఒత్తిడి సర్దుకోకముందే స్టార్ట్ అయితే మోటారు మీద భారం పడుతుంది.

రీడింగు ఒక డిగ్రీ అటూ ఇటూ ఉండొచ్చు. 12 దగ్గర పర్లేదు కానీ 0 దగ్గర పట్టించుకోవాలి, ఎందుకంటే 5 శాతం ఆల్కహాల్ బీరు సుమారు మైనస్ 2–3 డిగ్రీల్లో గడ్డకట్టి సీసా పగులుతుంది. సన్నగా దంచిన ఐస్, కొంచెం నీళ్లు కలిపిన గ్లాసులో సెన్సర్ ముంచి, అంకె నిలిచాక 0 చూపించేలా సీఏలో (రీడింగు తేడాను సరిదిద్దే సెట్టింగు) సరిచేయాలి.

గ్యాస్ పట్టకముందే చల్లబెట్టడం చాలామంది చేసే తప్పు. చలికి ఈస్ట్ అడుగుకి దిగి నిద్రపోతుంది, బీరు చప్పగా మిగులుతుంది. రెండు వారాలు 20–22లో ఉంచి, ఒక సీసా తెరిచి చూసి, ఆ తర్వాతే టీఎస్ తగ్గించాలి. స్ట్రాంగ్ బీర్లకు ఇంకో వారం రెండు వారాలు ఎక్కువే పట్టొచ్చు. ఆ తర్వాత కూడా వెచ్చగా వదిలేస్తే పాతబడటం జోరందుకుంటుంది. దీనికి బీరు తయారీదారుల మోటు లెక్క ఒకటుంది: 32 డిగ్రీల్లో 3 రోజులు, 22లో 30 రోజులు, 3లో 300 రోజులు దాదాపు ఒకటే. తడి అట్టలాంటి రుచి అలా వచ్చేదే. చల్లబడ్డాక కనిపించే మసకను చూసి కంగారు పడొద్దు, అది ప్రోటీన్ మసక, వెచ్చబడితే పోతుంది.

కొనేముందు ఒక పరీక్ష చేయండి. ఫ్రిజ్ ప్లగ్ తీసి, పది నిమిషాలాగి మళ్లీ పెట్టండి. బటన్ నొక్కకుండా దానంతటదే చల్లబరచడం మొదలుపెట్టకపోతే ఆ ఫ్రిజ్‌కి ఈ కంట్రోలర్ పనికిరాదు. నాబ్ ఉన్న పాత ఫ్రిజ్‌లే దీనికి సరిజోడు. 12 డిగ్రీల్లో నడిపేటప్పుడు లోపల తేమ పేరుకుని మూతలు తుప్పు పడతాయి, సిలికా జెల్ డబ్బా ఒకటి పెట్టి అప్పుడప్పుడు మారుస్తుండండి.