లినక్స్ మింట్‌తో అయిదేళ్లు: కొత్తవారికి అలవాటు చేసిన అనుభవం

2020 జనవరిలో విండోస్ 7కు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాక, హన్మకొండలోని మా ఇంట్లో ఉన్న 4 జీబీ ర్యామ్ పాత ల్యాప్‌టాప్‌లో అదే ఏడాది విండోస్‌కు బదులుగా వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ 20వ వెర్షన్ వేసుకున్నాను. తెర మీద మెనూలు, విండోలు చూపించే డెస్క్‌టాప్ రకాల్లో తేలికగా నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈనే ఎంచుకున్నాను. ఆ తర్వాత అదే యంత్రంలో 21కి, 22కి మారి నేటికీ రోజూ వాడుతున్నాను. ఈ మధ్యకాలంలో మా మేనల్లుడికి, నర్సంపేటలోని ఒక మిత్రుడికి, మా వీధిలోని ఇద్దరు డిగ్రీ విద్యార్థులకు దీన్ని నేర్పాను కాబట్టి, వేగం సంగతి కన్నా కొత్తవారు ఎక్కడ తడబడతారన్నదే చెబుతాను.

ఇన్‌స్టాల్ చేయడం కష్టం కాదు. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, హార్డ్‌డిస్క్‌ను ముట్టుకోకుండానే వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో చూసుకోవచ్చు. నర్సంపేట మిత్రుడి ప్రింటర్ పలకడం లేదని అప్పుడే తెలిసింది. అందుకే అతని విండోస్‌ను తీసేయకుండా పక్కనే ఉంచాం.

అసలు తడబాటు ఆ తర్వాతే మొదలవుతుంది. "మామా, డీ డ్రైవ్ ఏడుంది?" అన్నది మా మేనల్లుడి మొదటి ప్రశ్న. ఇక్కడ డ్రైవ్‌లకు అక్షరాలు ఉండవు, మన ఫైళ్లన్నీ 'హోమ్' ఫోల్డర్‌లోనే ఉంటాయి అని చెబితే తల ఊపాడు గానీ, తన ఫైళ్లు తానే అందులోకి సర్దుకున్న రోజునే అది అతనికి అర్థమైంది. అలవాటు కొద్దీ వెబ్‌సైట్ల నుంచి విండోస్ కోసం చేసిన ఎగ్జి (.exe) ఫైళ్లు దించుకుని, అవి తెరుచుకోకపోయేసరికి సిస్టమ్ చెడిపోయిందని కూడా అనుకున్నాడు. పక్కన కూర్చుని, కావలసినవి 'సాఫ్ట్‌వేర్ మేనేజర్'లో వెతికి వేసుకోవడం రెండుసార్లు అతని చేతనే చేయించాక ఆ ఇబ్బంది మళ్లీ రాలేదు.

తెలుగు విషయంలో నాకు పూర్తి తృప్తి ఉంది. భారతీయ భాషల టైపింగ్‌కు ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును సెట్టింగులలోనే చేర్చుకోవచ్చు. పోతన, వేమన ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. బమ్మెరకు ఇంత దగ్గరలో ఉండి పోతన ఫాంటులో ఉత్తరాలు రాసుకోవడం నాకెంతో ఇష్టం. అయితే డీటీపీ సెంటర్లలో యూనికోడ్ (అన్ని కంప్యూటర్లలోనూ ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) కాని పాత ఫాంట్లతో చేసిన ఫైళ్లు మాత్రం అర్థం కాని ఇంగ్లిషు అక్షరాలుగా కనిపిస్తాయి. ఆ పనిమీదే బతికేవారిని నేను మారమని అనను.

ఒకసారి అప్‌డేట్ తర్వాత నా వైఫై ఆగిపోయింది. ముందురోజు మింట్‌లోని 'టైమ్‌షిఫ్ట్' అనే ప్రోగ్రాముతో తీసి పెట్టుకున్న స్నాప్‌షాట్‌తో, అంటే అప్పటి సిస్టమ్ నకలుతో, వెనక్కి వెళ్లగానే మళ్లీ పనిచేసింది. అప్పటినుంచి ఎవరి యంత్రంలో మింట్ వేసినా, బ్రౌజర్ కన్నా ముందు టైమ్‌షిఫ్ట్‌నే తెరిచి చూపిస్తున్నాను.