తెల్లటి పైపు కొని, తాగడానికి చెయ్యి రావట్లేదా? ఏళ్లుగా వాడుతున్న మీర్‌షామ్ పైపు గురించి

మీర్‌షామ్ అనే తెల్లటి రాతితో చెక్కిన పొగాకు పైపు కొన్ననాటి రంగులో ఎప్పటికీ ఉండిపోదు. తాగేకొద్దీ పొగాకులోని తేమ, నూనె, తారు ఆ రాతిలోకి ఇంకుతాయి. పాలతెలుపు కాస్తా లేత పసుపు అవుతుంది, తర్వాత తేనె రంగు, ఏళ్లు గడిచాక ముదురు గోధుమ. ఇదంతా తెలిసే కొన్నాను. అయినా కొన్నాక చాలాకాలం దాంట్లో చిటికెడు పొగాకు వేయడానికి మనసొప్పలేదు. ఇప్పుడు వాడకం మొదలుపెట్టి ఏళ్లయింది. అందమైన పైపు కొని, అద్దాల బీరువాలో పెట్టుకుని, ఇవాళ కాదు రేపు అనుకుంటున్నవాళ్ల కోసం ఈ సమీక్ష.

ముందే ఒక మాట. పొగ తాగడం కొత్తగా మొదలుపెట్టమని నేను ఎవరికీ చెప్పను. పైపు పొగను లోపలికి పీల్చం, నోట్లో ఉంచుకుని వదిలేస్తాం కాబట్టి ఏమీ కాదనుకోవడం తప్పు. నోటికి, గొంతుకి క్యాన్సర్ ముప్పు ఉండనే ఉంది. ఇది ఇప్పటికే పైపు అలవాటున్న పెద్దవాళ్ల కోసం.

మీర్‌షామ్ అంటే చెక్క కాదు, రాయి. సెపియోలైట్ అనే ఖనిజం, మెగ్నీషియం సిలికేట్ జాతిది. మేలురకం రాయికి పేరున్న చోటు టర్కీలోని ఎస్కిషెహిర్ ప్రాంతం. అక్కడ భూమిలోకి గోతులు తవ్వి, మట్టిలో గడ్డలు గడ్డలుగా దొరికే రాయిని పైకి తీస్తారు. తడిగా ఉంటే చాకుకి తేలిగ్గా తెగుతుంది కాబట్టి నీళ్లలో నానబెట్టి చెక్కుతారు. తర్వాత ఆరబెట్టి, నున్నగా రుద్ది, కరిగిన తేనెమైనంలో ముంచి మెరుగు పెడతారు. 19వ శతాబ్దంలో ఈ రాయి వియన్నాకు వెళ్లేది, పేరుమోసిన చెక్కడపు పనివాళ్లు అక్కడుండేవాళ్లు. 1970లలో టర్కీ ముడిరాయి ఎగుమతి ఆపేశాక చెక్కడం పని ఎక్కువగా రాయి పుట్టిన చోటికే చేరింది. నాది కూడా ఎస్కిషెహిర్‌లో చెక్కిందే. ఆఫీసు పని మీద ఇస్తాంబుల్ వెళ్లినప్పుడు గ్రాండ్ బజార్‌లో తీసుకున్నాను.

కొనేటప్పుడు ఒక్కటే గట్టిగా అడిగాను: బ్లాకా, ప్రెస్‌డా అని. బ్లాక్ అంటే ఒకే రాతిగడ్డలోంచి చెక్కింది. ప్రెస్‌డ్ అంటే చెక్కగా రాలిన ముక్కల్నీ పొడినీ కలిపి అచ్చు వేసింది. రెండోది చవక, చూడ్డానికి ఇంచుమించు అలాగే ఉంటుంది, కానీ పొగను పీల్చుకోదు, రంగు సరిగ్గా తిరగదు. రంగు కోసమే మీర్‌షామ్ కొనేవాళ్లు ఈ ఒక్క విషయంలో రాజీ పడొద్దు.

నా పైపు గిన్నె (పొగాకు నింపే భాగం) చుట్టూ జాలీ పని ఉంది. సన్నటి పట్టీలు ఒకదాని మీంచి ఒకటి వెళ్తూ అల్లుకుని ఉంటాయి. పట్టీల కింద ఇంకో అంచె లోతు. అంచు మాత్రం సాదాగా, నున్నగా వదిలేశాడు. దాంతో పాటు వచ్చిన పెట్టె సంగతి కూడా చెప్పాలి. పైపు వంపుకి సరిగ్గా తొలిచి లోపల మఖ్మల్ గుడ్డ వేశారు. ఇంత భద్రంగా పెట్టి ఇచ్చిన వస్తువుని బయటికి తీసి, నిప్పు పెట్టి, నల్లగా చెయ్యాలా అనిపిస్తుంది. సగం జంకు ఆ పెట్టె వల్లే పుట్టిందని నా నమ్మకం.

మా బాబాయ్ ఒంగోలు దగ్గర వర్జీనియా పొగాకు పండించిన రైతు. పొగాకు ఆకు వేడికి ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రుళ్లు మేలుకుని ఆకు మగ్గబెట్టిన మనిషి. తాను మాత్రం చుట్టే తాగేవాడు. నేను పైపు చేతికిస్తే బరువు చూసి ఆశ్చర్యపోయాడు. "ఇది రాయా? బెండులాగుందే!" అన్నాడు. నిజమే, ఎండిన మీర్‌షామ్ ముక్క నీళ్లలో వేస్తే తేలుతుంది కూడా. ఇంకా తాగలేదని చెబితే, "తాగనోడికి పొగాకు గొట్టం ఎందుకురా అబ్బాయ్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

బ్రయర్ పైపుల దగ్గర నాకు ఈ తటపటాయింపు ఎప్పుడూ రాలేదు. బ్రయర్ అంటే మధ్యధరా తీరంలో పెరిగే ఒక పొద వేరుబుడిపె. దాని అంచు మాడితే తుడుచుకోవచ్చు, గీత పడితే రుద్ది మళ్లీ మెరుగు పెట్టించుకోవచ్చు. కొత్తగా ఉన్నప్పుడు ఎలా ఉందో ఇంచుమించు అక్కడికి తెచ్చుకోవచ్చు. మీర్‌షామ్‌కి ఆ దారి లేదు. రంగు ఒకసారి రాతిలోకి దిగిందంటే దిగినట్టే. మొదటిసారి వెలిగించడమంటే ఆ తెలుపుకి సెలవు చెప్పడమే. అందుకే జంకేవాళ్లని నేను తప్పుపట్టను. వస్తువు మీద ప్రేమ లేనివాళ్లకి ఆ జంకు రాదు.

నేను ఆ రోజుల్ని వృథా పోనివ్వలేదు. మొక్కజొన్న బెండుతో చేసే పైపులు చవగ్గా దొరుకుతాయి. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో 1869 నుంచి చేస్తున్న మిస్సోరి మీర్‌షామ్ వాళ్లవి బాగా పేరున్నవి. పేరులో మీర్‌షామ్ ఉన్నా వాటిలో రాయి లేదు. అలాంటి బెండు పైపు మీద చెయ్యి తిరిగేదాకా సాధన చేశాను. పొగాకు ఎంత వదులుగా నింపాలి, అగ్గిపుల్ల ఎక్కడ పట్టుకోవాలి, టాంపర్‌తో (గిన్నెలో పొగాకు నొక్కే చిన్న పనిముట్టు) ఎంత మెల్లగా నొక్కాలి, గిన్నె వేడెక్కుతుంటే ఎలా నెమ్మదించాలి, అన్నీ దాని మీదే పట్టుబడ్డాయి. ఖరీదైన పైపు ముందు చెయ్యి వణికేవాళ్లకి ఇంతకంటే మంచి మందు నాకు తెలీదు.

ఆ తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం మీర్‌షామ్ వెలిగించాను. మొదటి నాలుగు పీల్పుల్లోనే తెలిసిపోయింది. కొత్త బ్రయర్‌కి మొదట్లో చెక్క మాడిన చేదు ఉంటుంది. లోపల పలచటి బొగ్గు పొర కట్టేదాకా సగం సగం నింపుకుంటూ ఓపిక పట్టాలి. మీర్‌షామ్‌కి అదేమీ అక్కర్లేదు. మొదటిసారే అంచుదాకా నింపి తాగొచ్చు, ఆకు రుచి తప్ప ఇంకేమీ తగలదు. నేను తాగేది వర్జీనియా ఫ్లేక్, నొక్కి బిళ్లలుగా కోసిన రకం. ఆ డబ్బా మూత తీసి బాబాయ్ ముక్కు దగ్గర పెడితే, "బ్రైట్ ఆకే, కాకపోతే బాగా మాగబెట్టారు" అని ఠక్కున చెప్పాడు. బ్రైట్ అంటే వర్జీనియా ఆకే. బ్రయర్‌లో ఇదే పొగాకు తాగుతున్నప్పుడు నాకు అందని సన్నటి తీపి మీర్‌షామ్‌లో అందింది. పైగా నిన్న లటాకియా అనే ఘాటైన పొగాకు తాగినా ఇవాళ్టి వర్జీనియాకి ఆ వాసన అంటదు. బ్రయర్‌లో అయితే రోజుల తరబడి వదలదు.

రంగు సంగతి. నేను భయపడింది మచ్చలు మచ్చలుగా, మురికి పట్టినట్టు అవుతుందేమోనని. మొదట కొన్ని నెలలు ఏ మార్పూ కనపడలేదు. తర్వాత స్టెమ్ (నోట్లో పెట్టుకునే గొట్టం) కలిసే చోట, మెడ కింది భాగంలో లేత పసుపు వలయం మొదలైంది. తేమ దిగేది అక్కడికే కాబట్టి రంగు అక్కడే ముందు తిరుగుతుంది. అక్కణ్నుంచి గిన్నె అడుక్కి, అడుగు నుంచి మెల్లగా పైకి పాకింది. ఈ పైపులో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ తర్వాత జరిగింది. జాలీ పట్టీల కింది లోతు ముందుగా తేనె రంగుకి తిరిగింది, పైనున్న పట్టీలు చాలాకాలం తెల్లగానే ఉండిపోయాయి. కొత్తలో తెలుపు మీద తెలుపు కాబట్టి దీపం దగ్గర పెట్టి చూస్తే తప్ప అల్లిక తెలిసేది కాదు. ఇప్పుడు గదికి అవతలి నుంచి చూసినా ఏ పట్టీ దేని మీంచి వెళ్తోందో కనిపిస్తుంది. చెక్కినవాడు దీన్ని మనసులో పెట్టుకునే అంత లోతుగా తొలిచి ఉంటాడు. తాగకుండా ఉంచుకున్నన్నాళ్లూ అతని పనిలో సగమే చూశాను.

అంచు మాత్రం నేను అనుకున్నంత తెల్లగా లేదు. లోపలివైపు సన్నగా నల్లబడింది. లైటర్ వాడితే ఇంకా ఎక్కువ మాడేది. నేను అగ్గిపుల్లే వాడతాను, గంధకం వాసన పోయాక, మంట అంచుకి తగలకుండా ఆకు నడిమధ్యకి పెడతాను. చల్లారాక కాస్త తడి గుడ్డతో తుడిస్తే పైపైన ఉన్నది పోతుంది.

మన వాతావరణంలో ఒక జాగ్రత్త ఎవరూ చెప్పరు: ఫ్యాన్ కింద పైపు తాగొద్దు. గాలికి నిప్పు రాజుకుని గిన్నె సెగలు కక్కుతుంది. వేడికి తేనెమైనం మెత్తబడి పైకి తేలుతుంది, అప్పుడు వేళ్లతో గిన్నె పట్టుకుంటే ముద్రలు పడతాయని పాతవాళ్లు అంటారు. వేడిగా ఉన్నప్పుడు నేను మెడ దగ్గరో స్టెమ్ దగ్గరో తప్ప పట్టుకోను. విశాఖలో మే నెలలో ఫ్యాన్ ఆపి కూర్చోవడం కష్టమే, అందుకని ఎండాకాలం తెల్లవారుజామున మాత్రమే తాగుతాను. వానాకాలం ఇంకో తంటా. మూత తీసిన డబ్బాలో పొగాకు చెమ్మగిల్లుతుంది. నింపే ముందు అరగంట కాగితం మీద ఆరబోయకపోతే అస్తమానూ ఆరిపోతుంది, మళ్లీ మళ్లీ వెలిగించాల్సి వస్తుంది.

శుభ్రం చేయడం బ్రయర్ కంటే సులువు, కానీ పద్ధతి వేరు. బ్రయర్‌లో బొగ్గు పొర కట్టనిస్తాం. మీర్‌షామ్‌లో కట్టనివ్వకూడదు. ఆ పొర వేడికి వ్యాకోచిస్తే గిన్నె పగిలే ప్రమాదం ఉంది. తాగడం అయ్యాక బూడిద దులిపి, పేపర్ నాప్కిన్ మెలితిప్పి లోపల తుడిస్తే చాలు. చాకుతో గీకొద్దు, రాయి మెత్తన. గొట్టంలోకి ఒక పైప్ క్లీనర్ దూర్చి తీయాలి. పూర్తిగా చల్లారేదాకా స్టెమ్ ఊడదీయకూడదు. తీసేటప్పుడు, పెట్టేటప్పుడు గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి. రెండోవైపు తిప్పితే లోపల మరబిగించిన చిన్న ప్లాస్టిక్ కనెక్టర్ వదులై రాతిలోంచి ఊడొస్తుంది.

లోపాలు లేకపోలేదు. ఆ కనెక్టరే దీంట్లో బలహీనమైన భాగం. నాది వాడగా వాడగా అరిగి వదులైంది, కొత్తది తెప్పించి వేసుకున్నాను. ఖరీదు పెద్దదేం కాదు, కానీ మన దగ్గర షాపుల్లో దొరకదు. ఆక్రిలిక్ స్టెమ్ పళ్లకి గట్టిగా తగులుతుంది, పళ్ల మధ్య పెట్టుకుని చేతులు వదిలేసి పని చేసుకోవడానికి ఈ పైపు పనికిరాదు. పంటిగాట్లు పడతాయేమోనని బాధపడేవాళ్లకి ఒక మాట: ఐన్‌స్టీన్ వాడిన బ్రయర్ పైపు అమెరికాలో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఆయన కొరికి కొరికి దాని మూతి అరిగి చిల్లు పడింది. వాళ్లు దాన్ని అలాగే దాచారు. ఇక పెట్టె కీలు మొదటి వానాకాలానికే తుప్పు పట్టి ఊడింది. అంత అందమైన పెట్టెకి అంత నాసి కీలు వేయడం నాకు నచ్చలేదు.

అన్నిటికంటే పెద్ద భయం కింద పడటం. ఆ భయం ఇప్పటికీ ఉంది, ఉండాలి కూడా. టైల్స్ మీద పడితే రాయి నిలవదు. అందుకే నిలబడి తాగను, నడుస్తూ తాగను, కారులో పెట్టుకోను. కూర్చునే కుర్చీ పక్కన మందపాటి చాప ఉంటుంది. అయితే ఒకటి గమనించాను. బీరువాలో ఉన్నన్నాళ్లూ వచ్చినవాళ్లందరికీ చూపించేవాణ్ని, అది పది చేతులు మారేది, ప్రతిసారీ గుండె గుబగుబలాడేది. వాడకం మొదలయ్యాక నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడటం లేదు. ఇప్పుడే దానికి ముప్పు తక్కువ.

మరి మీరు కొనాలా? రోజుకి నాలుగైదుసార్లు తాగేవాళ్లకి, పని చేస్తూ తాగేవాళ్లకి మంచి బ్రయర్ చాలు. వారంలో ఒకటి రెండుసార్లు తీరిగ్గా కూర్చుని తాగేవాళ్లకి, వర్జీనియా రుచి తెలిసినవాళ్లకి బ్లాక్ మీర్‌షామ్ తప్పక నచ్చుతుంది. ఇప్పటికే కొని దాచుకున్నవాళ్లు ముందు ఒక బెండు పైపు తెచ్చుకోండి. దాని మీద అగ్గిపుల్ల పట్టడం కుదిరాక, పెద్ద రోజు కోసం చూడకుండా మామూలు రోజున దీన్ని తీయండి. నేను ఇంకోటి కొంటే మాత్రం ఏ చెక్కడమూ లేని, బిలియర్డ్ అని పిలిచే సాదా పైపు ఆకారమే తీసుకుంటాను. జాలీ సందుల్లో దుమ్ము చేరితే మెత్తటి బ్రష్షు పట్టుకుని కూర్చోవాల్సి వస్తోంది, అదొక్కటే నాకు విసుగు.