ఈఏఆర్ క్లాసిక్ ఇయర్ ప్లగ్గులు: పెట్టుకోవడం వచ్చాకే వీటి విలువ తెలిసింది

ముందే చెప్పేస్తున్నా, ఈ పసుపు రంగు ఫోమ్ ప్లగ్గులు మంచివి, ఏడాదిన్నరగా రోజూ వాడుతున్నాను, మళ్లీ ఇవే కొంటాను. కానీ చెవిలో కుక్కేసుకుంటే చాలు అనుకునేవాళ్లకి మాత్రం వీటివల్ల పెద్ద ఉపయోగం ఉండదు. వీటికి ముందు వాడిన ఫోమ్ ప్లగ్గుల్ని నేను రెండేళ్లు అలాగే కుక్కుకున్నాను. ఆ రెండేళ్లూ నా చెవులకి ఏం కాదులే అన్న ధీమాతోనే ఉన్నాను.

నేను ఫ్యాబ్రికేషన్ షెడ్డులో ఫిట్టర్‌ని. కటింగ్, గ్రైండింగ్, ప్లేట్ల మీద సుత్తి దెబ్బలు, పక్కనే పవర్ ప్రెస్, రోజంతా ఇదే మోత. చెయ్యి చాచినంత దూరంలో ఉన్న మనిషితో మాట్లాడ్డానికి గొంతు పెంచాల్సి వస్తే అక్కడ చప్పుడు 85 డెసిబెల్స్ దాటి ఉండొచ్చని ఒక మోటు లెక్క ఉంది. మా దగ్గర గొంతు పెంచితే సరిపోదు, చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. షిఫ్టు దిగాక ఓ గంటసేపు చెవులు దిబ్బళ్లు వేసినట్టుండి, పడుకునేటప్పుడు సన్నగా గుయ్‌మని మోగేది. తెల్లారేసరికి తగ్గిపోయేది కాబట్టి పట్టించుకోలేదు. అలా తగ్గిపోవడమే మనల్ని మోసం చేస్తుంది.

నాకు విషయం తెలిసింది మా పాప వల్ల. ఒకరోజు నా దగ్గరకొచ్చి ఏదో నొప్పి అంది. నాకు ‘కన్ను’ అని వినపడింది. దగ్గరకి తీసుకుని, రెప్ప పైకెత్తి, నలక పడిందేమోనని ఊదుతున్నాను. పాప నా చెయ్యి పట్టుకుని పక్కకి నెట్టి, నోరు తెరిచి చూపించింది. ‘కన్ను కాదు నాన్నా, పన్ను!’ అప్పటికే మూడుసార్లు చెప్పిందట. పాప గొంతు నాకు బాగానే వినపడుతోంది, మాటలో ‘ప’ ఏదో ‘క’ ఏదో మాత్రం తేడా తెలియట్లేదు. అప్పుడు భయం వేసింది.

వినికిడి పరీక్ష చేయించుకుంటే కాగితం మీద గీత ఒక మోస్తరుగా సాగుతూ వచ్చి, 4000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నటి పై శ్రుతుల దగ్గర, గోతిలో పడ్డట్టు దిగి, 8000 దగ్గర కొంచెం లేచింది. చప్పుడు వల్ల చెవి దెబ్బతింటే చాలామందికి అక్కడే మొదలవుతుందట. ‘ప’, ‘త’, ‘క’, ‘స’ లాంటి అక్షరాల్ని గుర్తుపట్టాలంటే ఆ పై శ్రుతులు సరిగ్గా వినపడాలి. లోపలి చెవిలో చప్పుడుని పట్టే సన్నటి కేశ కణాలుంటాయి, మనిషికి అవి ఒకసారి పోతే మళ్లీ మొలవవు, మందుల్లేవు. పరీక్ష చేసినావిడ అడిగారు.

‘ప్లగ్గులు వాడరా?’

‘రోజూ వాడతానండి.’

‘ఏదీ, ఒకసారి పెట్టుకుని చూపించండి.’

జేబులో ఉన్నవి తీసి పెట్టుకున్నాను. ఆవిడ పక్కనుంచి చూసి, ‘ఇది చెవిలో లేదండి, చెవి గుమ్మంలో ఉంది’ అన్నారు.

తర్వాత ఆవిడ నేర్పిన పద్ధతే నిజంగా ఈ రివ్యూలో ముఖ్యమైన సంగతి, కాస్త ఓపిగ్గా చదవండి. ముందు చేతులు కడుక్కోవాలి, గ్రీజు చేతులతో వద్దు. ప్లగ్గుని రెండు వేళ్ల మధ్య మెల్లగా దొర్లిస్తూ, ముడతలు పడకుండా, వీలైనంత సన్నటి పుల్లలా చెయ్యాలి. ఊరికే నొక్కితే కాదు, దొర్లించాలి. కుడి చెవికి పెట్టేటప్పుడు ఎడమ చేతిని తల వెనకనుంచి తీసుకొచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగాలి, అప్పుడు చెవి దారి తిన్నగా అవుతుంది. వెంటనే ప్లగ్గుని లోపలికి తోసి, అది ఉబ్బి కుదురుకునే దాకా వేలితో అలాగే పట్టుకుని ఉండాలి, అర నిమిషం పైనే. ఈ చివరిది ఎవరూ చెయ్యరు. వేలు తీసేస్తే అది ఉబ్బుతూ బయటికి జారుకుంటుంది, మనకి తెలియను కూడా తెలియదు. ఎదురుగా నిలబడి చూసేవాళ్లకి ప్లగ్ చివర చెవి బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తే అది సరిగ్గా పడలేదనే లెక్క.

మొదటిసారి సరిగ్గా పడినప్పుడు నా గొంతు నాకే బావిలోంచి వచ్చినట్టు వినపడింది, గ్రైండర్ ఎక్కడో పక్క షెడ్డులో తిరుగుతున్నట్టుంది. చేతిలో అదురు మాత్రం అలాగే ఉంది! చిన్న పరీక్ష కూడా ఉంది, ప్లగ్గులు పెట్టుకున్నాక రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూసి చూడండి. చప్పుడు ఇంకా బాగా తగ్గితే ప్లగ్ సరిగ్గా కూర్చోలేదు, తీసి మళ్లీ పెట్టుకోండి.

ఇక నంబర్ల సంగతి. వీటి డబ్బా మీద ఎన్‌ఆర్‌ఆర్ 29 అని ఉంటుంది, అంటే చప్పుడు ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందో ల్యాబులో కొలిచిన అంకె. చెవిలో పెట్టుకోగానే 29 తగ్గిపోతుందని నేనూ నమ్మాను. అమెరికాలో పనిచోట భద్రత చూసే ఓషా అనే ప్రభుత్వ సంస్థ వాళ్ల మోటు లెక్క ప్రకారం ఆ అంకెలోంచి 7 తీసేసి, మిగిలినదాన్ని సగం చెయ్యాలి. 29లోంచి 7 పోతే 22, అందులో సగం 11. అంతే. బాగా పెట్టుకునేవాళ్లకి ఇంతకంటే ఎక్కువే తగ్గొచ్చు, కానీ ధైర్యంగా నమ్ముకోవాల్సింది ఆ 11నే. నియోష్ అని అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ ఉంది, వాళ్లు చప్పుడు కొలవడానికి ఐఫోన్‌కి ఒక ఉచిత యాప్ ఇచ్చారు. మా ఫోర్‌మన్ ఫోన్‌లో అది వేసి గ్రైండింగ్ చేసేవాడి చెవి పక్కన పెడితే 100 చుట్టూ తిరిగింది. ఫోన్ కొలత కాబట్టి అటూ ఇటూ ఉండొచ్చు, అయినా అంచనాకి చాలు. నియోష్ పరిమితి 85 దగ్గర రోజుకి 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైమ్ సగం అవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2, 94కి ఒక గంట, అలా వెళ్తే 100కి 15 నిమిషాలు. పదిహేను నిమిషాలే! మేం రోజుకి గంటలకొద్దీ పడతాం గ్రైండర్.

100లోంచి 11 పోతే 89. ఇంకా 85 పైనే. అందుకని ఎక్కువసేపు గ్రైండింగ్ ఉన్న రోజున నేను ప్లగ్గుల మీద మఫ్‌లు కూడా, అంటే హెడ్‌ఫోన్లలా చెవుల్ని బయటినుంచి మూసే కప్పులు, వేస్తాను. రెండింటి నంబర్లూ కలిపెయ్యకూడదు, ఎక్కువున్నదాని లెక్కకి 5 మాత్రమే కలపాలి. అంటే 16 తగ్గి 84కి వస్తుంది. చెమట పడుతుంది, తల బిగుసుకుంటుంది, అయినా వేస్తాను.

మఫ్‌లు ఒక్కటే వాడొచ్చు కదా అని కొందరు అడిగారు. ఘడియకోసారి పెట్టి తీసే పనికి మఫ్‌లే మేలు, పెట్టుకోవడంలో తప్పు జరిగే అవకాశం తక్కువ. కానీ సేఫ్టీ గ్లాసెస్ కాడ మఫ్ మెత్త కింద దూరిందంటే అక్కడ సందు పడి చప్పుడు లోపలికి వచ్చేస్తుంది, గడ్డం, పొడుగు జుట్టు ఉన్నా అంతే. మాకు గ్లాసెస్ తప్పవు కాబట్టి ప్లగ్గులే ముఖ్యం. మూడు గొడుగుల్లా ఉండే రబ్బరు రకం కూడా వాడి చూశాను, కడుక్కోవచ్చు, చేతులు మురికిగా ఉన్నా కాడ పట్టుకుని పెట్టుకోవచ్చు, నాకు మాత్రం మధ్యాహ్నానికి చెవి నొప్పెట్టేది. అది చెవిని బట్టి ఉంటుంది.

వీటితో నాకున్న ఇబ్బందులూ చెప్తాను. ఒకటి, పెట్టుకోవడానికి రెండు చెవులకీ కలిపి రెండు నిమిషాలు పడుతుంది, పని తొందరలో ఆ రెండు నిమిషాలు దొరకవు. దీనివల్లే జనం భోజనం తర్వాత మళ్లీ పెట్టుకోరు, లేదా మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా ఒక చెవిది సగం లాగి ఉంచుకుంటారు. దీని నష్టం ఎంతో లెక్క వేస్తే నాకు నిద్ర పట్టలేదు. 8 గంటల షిఫ్టులో 48 నిమిషాలు తీసి ఉంచితే, మిగతా టైమంతా ఎంత గొప్ప ప్లగ్ పెట్టుకున్నా మొత్తం మీద వచ్చే రక్షణ 10 డెసిబెల్స్ దాటదు. సగం షిఫ్టు తీసేస్తే 3. అందుకే నేను మాట్లాడాలంటే షెడ్డు బయటికి వెళ్లి తీస్తాను. తీసేటప్పుడు ఒక్కసారిగా లాగొద్దు, తిప్పుతూ మెల్లగా తియ్యాలి, లేకపోతే కర్ణభేరి మీద ఒత్తిడి పడుతుంది.

రెండోది, చెవి దారి సన్నగా ఉన్నవాళ్లకి ఇవి బిగుతు. మా కొత్త హెల్పర్‌కి ఎంత చేసినా సగమే దిగింది. ‘నొప్పిగా ఉందన్నా, వద్దులే, నాకు అలవాటైపోయింది ఈ సౌండు’ అన్నాడు. ‘అలవాటు కాదురా, అంతమేర వినపడ్డం మానేసిందని దాని అర్థం’ అని కూర్చోబెట్టి నా కాగితం చూపించాను. వాడికి మఫ్‌లు ఇప్పించాం, ప్లగ్గుల్లో చిన్న సైజు తెప్పించమని అడిగాం.

మూడోది ప్లగ్ లోపం కాదు, ఇచ్చేవాళ్లది. వీటికి ముందు మాకు ఒక సంచీలో పోసి పంపిన ఫోమ్ ముక్కలకి పేరూ లేదు, ఎన్‌ఆర్‌ఆర్ నంబరూ లేదు, నొక్కితే వెంటనే ఎగిరి ఉబ్బేవి, చెవిలో పెట్టేంత టైమే ఇచ్చేవి కావు. ఇవి నెమ్మదిగా ఉబ్బుతాయి, అసలు తేడా అదే. డబ్బా మీద నంబరు లేని ప్లగ్ ఊరికే ఇచ్చినా తీసుకోకండి. ప్లగ్గులిచ్చి చేతులు దులుపుకునే యాజమాన్యాలకీ ఒక మాట, ముందు చప్పుడు పుట్టేచోట తగ్గించాలి. మా ప్రెస్ చుట్టూ అడ్డు కట్టి, గాలి కొట్టే గన్‌కి సైలెన్సర్ నాజిల్ వేశాక వచ్చిన మార్పు ఏ ప్లగ్గుతోనూ రాలేదు, అందరి చెవులకీ ఒకేసారి తెలిసింది.

మురికి పట్టినా, గట్టిపడినా, దొర్లిస్తే మళ్లీ ఉబ్బకపోయినా పారేసి కొత్తవి తీసుకోండి. చెవి కారుతున్నప్పుడు, లోపల నొప్పి ఉన్నప్పుడు ఇవి వద్దు, డాక్టర్ చూసేదాకా మఫ్‌లు వాడుకోండి.

ఏడాది తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకున్నాను. 4000 దగ్గర గొయ్యి అలాగే ఉంది, పూడలేదు, లోతూ పెరగలేదు. పాప ఇప్పుడు నాతో ఏదైనా చెప్పాలంటే ఎదురుగా వచ్చి నిలబడి, నా మొహం చూస్తూ మాట్లాడుతుంది.