చక్షుకా, 1930కా?

శెనక్కాయలు అమ్మిన డబ్బులు ఖాతాలో పడ్డాక అనంతపురం రైతుకు 'పీఎం కిసాన్ లిస్టు' అంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) వచ్చిందనుకుందాం. తెరవకపోతే టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలోని చక్షులో ఫిర్యాదు చేస్తే చాలు. 2024లో వచ్చిన సదుపాయం ఇది. మెసేజ్ వచ్చి 30 రోజులు దాటకముందే స్క్రీన్‌షాట్, నంబరు, టైము ఇస్తే సరి. పోయిన డబ్బుల సంగతి మాత్రం అది చూడదు.

డబ్బులు పోయాయా? ఇక చక్షు జోలికి పోకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టాలి, అదీ ఆ నిమిషమే. మోసగాడు ఇంకో ఖాతాకు మార్చేలోపు ఆపించే అవకాశం ఉంటుంది. బ్యాంకు మెసేజ్‌లోని యూటీఆర్ (లావాదేవీ) నంబరు, తేదీ, ఎంత పోయిందీ చేతిలో పెట్టుకోండి, అడుగుతారు. లైను కలవకపోతే మళ్లీ మళ్లీ చేయండి. తెల్లారి స్టేషనుకు పోదాంలే అంటే మాత్రం నేనొప్పుకోను.